పాపిడి లేని తల

వీధిలో అందరూ ఆయన్ని స్టోరు మామయ్య అనే పిలుస్తారు. అసలు పేరేమిటని అడిగితే పక్కింటివాళ్ళు కూడా కాసేపు బుర్ర గోక్కుంటారు. పెద్దాసుపత్రి స్టోరులో చేసి రిటైరయ్యాడని, దుప్పట్లూ దూదీ సీసాలూ చూసుకునేవాడని అందరికీ తెలుసు. తెలుసంటే, ఆయన చెప్పాడు, వీళ్ళు నమ్మారు. అంత నెమ్మదైన మనిషి అబద్ధమాడతాడని ఎవరనుకుంటారు చెప్పండి. నోట్లో నాలుక లేని మనిషి. పాలవాడు పాలలో నీళ్ళు కలుపుతున్నాడని వీధి వీధంతా గొడవపడుతుంటే, పోనీలెండి, నీళ్ళయినా శుభ్రంగానే ఉన్నాయిగా అన్నవాడు.

ఆ ఆసుపత్రికి స్టోరు ఉన్న మాట నిజమే. అది ముందు వైపు. ఆయన పనిచేసింది వెనక వైపు, బాయిలరు గది దాటాక, కిటికీ అద్దాలకి సగం దాకా తెల్ల పెయింటు వేసిన గదిలో. మార్చురీ అన్నమాట. పోస్టుమార్టం అప్పుడు డాక్టరు పక్కన నిలబడి, కొయ్యాల్సింది కోసి, మళ్ళీ కుట్టి, కడిగి, తల దువ్వి, మెడదాకా గుడ్డ కప్పి, బయట ఏడుస్తూ నిలబడ్డవాళ్ళకి అప్పగించే పని. డాక్టర్లు చూసి రాసుకునేవాళ్ళు. చేతులు పెట్టేది ఈయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటి ఓనరొకడు సంగతి తెలిసి, మారు మాట్లాడకుండా సామాను మెట్ల మీద పెట్టించాడు. ఆ రోజు నుంచే ఆయన స్టోరులో పనిచేయడం మొదలుపెట్టాడు, మాటల్లో.

భార్యకి మాత్రం తెలుసు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పనికి తెల్లారకుండానే వెళ్ళిపోయేది, సాయంత్రం ఆయన కంటే ముందు ఇల్లు చేరేది. ఆయన గుమ్మంలోకి రాగానే బకెట్లో వేడినీళ్ళు పోసి, సబ్బు చేతికిచ్చి, మోచేతులదాకా కడిగించి, తుడుచుకోవడానికి తన చీర చెంగే ఇచ్చేది. "చేతులకేముంది, కడిగితే పోతుంది" అనేది. ఆ మాట ఆయనకి ఎంత ధైర్యమో చెప్పలేను. ఆమె పొద్దున్నే పోతుంది కాబట్టి కూతురికి స్నానం చేయించి, రెండు జడలు వేసి, బడికి పంపేది కూడా ఆ చేతులే. అంత బిగువుగా, అంత సమంగా జడలు వేసుకొచ్చే పిల్ల ఆ బళ్ళో ఇంకొకతె లేదు.

పిల్లకి మాత్రం చెప్పలేదు. బళ్ళో నోరు జారిందంటే పక్కన ఎవరూ కూర్చోరని భయం. పెద్దదయ్యాక చెబుదామనుకున్నారు. పెద్దదయ్యే లోపల తల్లి పోయింది, చెప్పకుండా ఉండడానికి ఇంకో కారణం వచ్చిపడింది. ఇప్పుడా పిల్లకి ముప్ఫై దాటాయి, పెళ్ళయింది, అయినా ఆయనకి పాపే. ఈ లోకంలో ఆయనకున్న భయం ఒక్కటే. తన చేతులు ఏం పని చేసొచ్చాయో పాపకి తెలియకూడదు. తెలిసిన రోజు తనతో కలిసి ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినదని, తండ్రిని పోగొట్టుకున్నదానిలా చూస్తుందని ఆయన గట్టి నమ్మకం.

అలాంటివాడి కూతురు పెట్టుకున్న పనేమిటో చూడండి. లోకంలో ఇన్ని పనులుండగా, బొమ్మల తలలు ఊడదీసే పని.

పిల్లలాడుకునే బొమ్మలు కావివి. పెద్దవాళ్ళు అద్దాల బీరువాలో పెట్టుకుని, దుమ్ము పడితే ప్రాణం పోయినట్టు చూసుకునే బొమ్మలు. తల పెద్దది, ఒళ్ళు చిన్నది. కొందరికి కొత్త కళ్ళు కావాలి, కొందరికి కొత్త పెదవులు, కొందరికి కొత్త జుట్టు. దేనికైనా ముందు తల విప్పాలి. జుట్టంతా ఒక పల్చటి రబ్బరు తొడుగులో నాటి ఉంటుంది. వ్యాపారంలో దాన్ని స్కాల్ప్ అంటారు, పాప మాత్రం టోపీ అంటుంది. టోపీ కింద తెల్లటి గట్టి ప్లాస్టిక్ తల, గుడ్డు పెంకులా నున్నగా. రెంటికీ మధ్య బంక. తలకి వేడినీళ్ళ సంచి చుట్టి, బంక మెత్తబడేదాకా ఆగి, మొండి కత్తిని మెడ దగ్గర అంచు కిందకి దూర్చి, కొంచెం కొంచెం లేపుకుంటూ చెవుల మీదుగా నుదుటి దాకా రావాలి. టోపీ ఒక్క ముక్కగా రావాలి. చిరిగిందా, ఆ బొమ్మ పని అయిపోయినట్టే.

ముందు గదిలో కిటికీ దగ్గర ఆమె బల్ల. పక్కన అరల్లో జుట్టు లేని తలలు వరసగా ఉంటాయి. అల్లుడు లారీ డ్రైవరు, ఎప్పుడో చుట్టంలా వస్తాడు, వచ్చినప్పుడల్లా ఆ తలల్ని చూసి, "ఇంట్లో ఇంతమంది ఉండగా నేనెందుకులే" అని జోకేసి పోతాడు. పాప కూడా నవ్వుతుంది. నవ్వనిది స్టోరు మామయ్య ఒక్కడే.

పాప వేడినీళ్ళ సంచి తీసిందంటే ఆయన చెప్పులేసుకునేవాడు.

"ఎక్కడికి నాన్నా?"

"టీ తాగొస్తా."

"ఇప్పుడేగా తాగావు."

"అది ఇంటి టీ. ఇది బయట టీ."

టోపీ ఊడి, తెల్ల తల మీద మళ్ళీ గుడ్డ కప్పే సమయానికి తిరిగొచ్చేవాడు. తన పని ఆయనకి నామోషీ అని పాప తీర్మానించేసుకుంది. ఆ మాటే ఒకసారి పక్కింటి మిషను పిన్నితో అంది. మిషను పిన్నంటే వీధి బట్టలన్నీ కుట్టే ఆవిడ, అడగని ఊసు ఉండదు.

"మీ నాన్నకి బొమ్మలంటే పడదేమోనే" అంది పిన్ని.

"బొమ్మలు కాదు పిన్నీ, జుట్టంటే పడదు. అమ్మ పోయాక నా తల మీద ఒక్కసారి చెయ్యి వేస్తే ఒట్టు. అమ్మ పోయిన వారానికే మంగలి దగ్గర కూర్చోబెట్టి మగపిల్లాడి క్రాపు కొట్టించాడు. జడలు వేసే తీరిక లేదు పాపా అన్నాడు. పెద్దదాన్నయ్యేదాకా అదే క్రాపు. బళ్ళో నన్ను తమ్ముడూ అని పిలిచేవాళ్ళు."

"మగాడు కదే, చేతకాదు."

"చేతకాకపోవడమేంటి, అంతకుముందు రోజూ వేసేవాడు." పాప గొంతు తగ్గించింది. "ఇంకోటి చెప్తా. అమ్మని ఇంటికి తెచ్చిన రోజు, జనమంతా చుట్టూ ఉన్నారు. అమ్మకి ఎప్పుడూ నడినెత్తిన పాపిడి. ఆ రోజు జుట్టంతా వెనక్కి దువ్వేశారు. అసలు అమ్మలాగే లేదు. నేను దగ్గరకెళ్ళి వేలితో పాపిడి తీద్దామని చెయ్యి పెట్టాను. నాన్న నా మణికట్టు పట్టుకుని లాగి పారేశాడు. ఎంత గట్టిగానంటే, కమిలిపోయి చాలా రోజులు అలాగే ఉంది. అంతకుముందు నన్ను ఒక్క దెబ్బ వేసి ఎరగడు. నేనేం తప్పు చేశానో ఇప్పటికీ తెలీదు పిన్నీ."

మిషను పిన్ని నోట్లో మాట దాగదు. ఆ సాయంత్రమే గోడ మీదుగా స్టోరు మామయ్యకి చెప్పేసింది. చిన్నపిల్ల మీద అంత కోపమేంటయ్యా అని ఓ చీవాటు కూడా వేసింది. ఆయన విన్నాడు. నీళ్ళు నమిలాడు. ఆ పూట అన్నం దగ్గర పాప చేతి మణికట్టు వైపు చూసి, ముద్ద దిగక లేచిపోయాడు.

ఇది జరిగిన కొన్నాళ్ళకి బ్యాంకు మేడమ్ తన బొమ్మ తెచ్చింది. చాలా పాతకాలపు రకం, చేసిన కంపెనీ మూతపడి ఎన్నేళ్ళో అయింది. ఎడమ కన్ను రెప్ప ఇరుక్కుపోయింది. లోపలి కళ్ళు మార్చాలి. "జుట్టు మాత్రం అదే ఉండాలమ్మా. మా అమ్మమ్మ దువ్విన జుట్టది. ఒక్క వెంట్రుక పోయినా నేనూరుకోను" అంది. శనివారం వస్తానని చెప్పి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి వెనక్కి వచ్చి ఇంకోసారి బొమ్మని చూసుకుని వెళ్ళింది.

ఆ రకం బొమ్మకి తల విప్పే మరలు సరిగ్గా నడినెత్తి మీద, టోపీ కింద ఉంటాయి. అందుకని టోపీ తీయక తప్పదు. గోధుమ రంగు జుట్టు, నడుమ తిన్నటి పాపిడి. స్టోరు మామయ్య ఆ పాపిడి చూశాడు. చూసి, తన కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం వాన. మోకాలు నొప్పి వల్ల ఆయన టీ కొట్టుకి కదల్లేకపోయాడు. వీపు తిప్పి కూర్చున్నాడు గానీ చెవులు తిప్పుకోలేడు కదా. సంచి చుట్టిన చప్పుడు, విప్పిన చప్పుడు, కత్తి అంచు కింద గీసుకుంటున్న చప్పుడు, పాప తనలో తను గొణుక్కోవడం. పాతబంక రాయై కూర్చుంది. మెడ దగ్గర కొంచెం లేచింది, అక్కడితో సరి. మొండి కత్తితో లాభం లేదని పాప సన్నటి పదును కత్తి తీసింది. అది జారి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది.

"నాన్నా, గుడ్డ ఇవ్వు" అంది, మామూలు గొంతుతోనే.

ఆయన తిరిగి చూసేసరికి బల్ల మీద ఎర్రగా ఉంది. ఆయనకి రక్తం కొత్త కాదు. పారే రక్తం కొత్త. తువ్వాలు చించి, బిగించి కట్టి, పాప చేతిని పైకెత్తి పట్టుకుని మిషను పిన్నిని కేకేశాడు. పిన్ని కత్తెర చేత్తోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కుట్లు పడతాయి, పద పద అని గొడుగు విప్పింది.

పాప గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నాన్నా, ఆ బొమ్మ. బంక చల్లారిందంటే మళ్ళీ పట్టేస్తుంది, లేచిన అంచు చిరిగిపోతుంది. సంచిలో నీళ్ళు మార్చి తలకి చుట్టి ఉంచు, చాలు. ఇంకేం చెయ్యకు."

"సరే పాపా, నువ్వెళ్ళు."

ఆయన నీళ్ళు కాచాడు. సంచిలో పోశాడు. బొమ్మ తలకి చుట్టి కూర్చున్నాడు. అక్కడ ఆగిపోయుంటే ఏ గొడవా లేదు. కానీ ఆ మనిషి బుర్రలో ఒక లెక్క మొదలైంది. కుట్లు పడిన చేత్తో పాప రేపటిలోగా కత్తి పట్టలేదు. రేపు మేడమ్ వస్తుంది. పాప ముఖం చిన్నబోతుంది. ఈ ఒక్క టోపీ తను తీసి పెడితే ఏం పోయింది. ఇన్నేళ్ళలో ఈ చేతులతో పిల్లకి ఒక్క మంచి పని చేసిపెట్టలేదు. ఒక్కటి చేయనీ అనుకున్నాడు. పాపం, అంతకంటే దురుద్దేశం ఏదీ లేదు ఆయనకి.

పాప కుర్చీలో కూర్చున్నాడు. పాప చేసినట్టే మెడ దగ్గర మొండి కత్తి దూర్చాడు. రాలేదు. చెవి దగ్గర ప్రయత్నించాడు. రాలేదు. లాగితే అంచు తెల్లబడుతోంది, ఇంకొంచెం లాగితే చిరుగుతుంది. కత్తి కింద పెట్టి, పక్కనున్న గిన్నెలో వేళ్ళు తడుపుకున్నాడు.

ఆ తర్వాత చేసింది ఆయన కాదు, ఆయన చేతులు. తడి వేళ్ళు బొమ్మ కుడి చెవి వెనక ఒక చోట ఆగాయి. అక్కడినుంచి నడినెత్తి మీదుగా ఎడమ చెవి వెనకదాకా జుట్టుని అడ్డంగా విడదీశాయి. ముందు సగం ముఖం మీదకి దువ్వాయి, వెనక సగం మెడ మీదకి. సన్నటి కత్తి ఒక్కసారి, ఆగకుండా, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నడిచింది. వేలు కిందకి దూర్చి మెల్లగా తిప్పుకుంటూ లాగితే, వేడికి మెత్తబడ్డ ముందు ముక్క బంక వదిలి, బొమ్మ ముఖం మీదకి ముడుచుకుంది. తెల్లటి పెంకు బయటపడింది.

ఒక మాట చెప్పాలి. ఆ కోత అలా పెట్టడానికి కారణముంది. పోయిన మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్ళు ముందు నుంచి చూస్తారు, నుదురు తాకుతారు. చెవి నుంచి చెవికి వెనగ్గా కోస్తే, దగ్గరగా కుట్టి, జుట్టు మొత్తం వెనక్కి దువ్వితే, కుట్టు జుట్టు కింద దాక్కుంటుంది. పాపిడి మాత్రం తీయకూడదు. పాపిడి తీస్తే కుట్టు దారి బయటపడుతుంది. ఆయన చేతి మీదుగా వెళ్ళినవాళ్ళలో ఎవరి ఇంటివాళ్ళూ ఎన్నడూ ఏమీ కనిపెట్టలేదు. ఆ మార్చురీలో ఇంకో మనిషి కూడా పనిచేసేవాడు. అతను తలని బస్తా మూతిలా పెద్ద పెద్ద కుట్లేసి వదిలేసేవాడు. డాక్టర్లు అతన్ని గోనెసంచి అని పిలిచేవాళ్ళు.

ఒక రోజు లాండ్రీ నుంచి నడిచొస్తున్న ఆయన భార్యని వ్యాను గుద్దింది. ఆమెని తెచ్చిన బండి తలుపు తీసినప్పుడు ఆయన డ్యూటీలోనే ఉన్నాడు. డాక్టరు భుజం పట్టుకుని, "నువ్విక్కడ ఉండకు, ఇంటికెళ్ళు, ఇతను చూసుకుంటాడు" అన్నాడు. ఇతనంటే గోనెసంచి. అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు. స్టోరు మామయ్య తల అడ్డంగా ఊపాడు. "లేదు సార్. నేనే చేస్తాను." డాక్టరు నచ్చజెప్పాడు, కసిరాడు, చివరికి ముఖం తిప్పుకుని, సరే కానీ అన్నాడు.

ఆయనే చేశాడు. ఆ తల మీద గోనెసంచి చెయ్యి పడనిస్తానా అన్న ఒక్క పట్టుదలతో చేశాడు. కన్నీళ్ళొస్తే చూపు ఆనదని ఏడవలేదు. జీవితంలో అంత దగ్గరగా, అంత సన్నగా కుట్టింది ఎప్పుడూ లేదు. తర్వాత ఆమె జుట్టు కడిగి, వెనక్కి దువ్వాడు. ఇంటికి తీసుకొచ్చాడు. అంతా సర్దేశాను, ఎవరికీ తెలియదు అనుకుంటున్న సమయానికి, పాప వచ్చి వేలు పెట్టి పాపిడి తీయబోయింది.

అది ఒక ఎత్తు. దానికంటే ఘోరం మర్నాడు జరిగింది. పాపకి జడలు వేద్దామని దువ్వెన తీసుకుని తల మీద చెయ్యి పెట్టాడు. వేళ్ళు వాటంతట అవే వెళ్ళి, పిల్ల కుడి చెవి వెనక ఆ చోటు వెతుక్కుని ఆగాయి. దువ్వెన కింద పడింది. పాప వంగి తీసి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. ఆ వారంలోనే మంగలి దగ్గరకి తీసుకెళ్ళాడు.

ఇవన్నీ ఆ తెల్ల పెంకు ముందు కూర్చుని ఆయన మళ్ళీ చూశాడు. అప్పుడు గానీ చేసిన పని కళ్ళకి ఆనలేదు. ఒక్క ముక్కగా రావాల్సిన టోపీ రెండు ముక్కలై ఉంది. అమ్మమ్మ దువ్విన జుట్టు. కొంప ముంచాను అనుకున్నాడు. మరలు విప్పాలన్నది కూడా మర్చిపోయాడు. ఆయనకి తెలిసిన దారి ఒక్కటే, విప్పింది మూయడం. పాప డబ్బాలోంచి సన్నసూది తీశాడు, జుట్టు రంగు దారం ఎక్కించాడు, ముడుచుకున్న ముక్కని వెనక్కి లాగి, ఆ చెవి నుంచి ఈ చెవికి కుట్టుకుంటూ వచ్చాడు. వయసు మీదపడినా చెయ్యి వణకలేదు. కుట్టయ్యాక తడి గుడ్డతో తుడిచి, జుట్టంతా వెనక్కి దువ్వి, బొమ్మని వెల్లకిలా పడుకోబెట్టి, తన జేబురుమాలు మెడదాకా కప్పాడు. ఎందుకు కప్పావంటే ఆయన చెప్పలేడు.

పాప తిరిగొచ్చేసరికి వాన వెలిసింది, కిటికీలోంచి ఇంకా వెలుతురు ఉంది. చేతికి లావుపాటి కట్టు. మిషను పిన్ని గుమ్మం దగ్గరే, "పిల్లని పని చేయనివ్వకు మామయ్యా" అని చెప్పి వెళ్ళిపోయింది.

"ఎన్ని కుట్లు పాపా?" అన్నాడు ఆయన, అడగాలి కాబట్టి.

"లెక్కపెట్టలేదు నాన్నా, కళ్ళు మూసుకున్నా." ఆమె బల్ల దగ్గరకొచ్చింది. బొమ్మని చూసి ఆగింది. "ఇదేంటి, నువ్వు దువ్వావా?"

పాప ముఖంలో ఆశ్చర్యం, దాని వెనక సంతోషం కనపడింది ఆయనకి. ఆ సంతోషమే ఆయన్ని సగం చంపేసింది. నాన్న జుట్టు ముట్టుకున్నాడు. బొమ్మదైతేనేం.

"బానే దువ్వావు. పాపిడే పోయింది" అంటూ ఆమె నవ్వుతూ, బాగున్న చేత్తో, చూపుడువేలు బొమ్మ నుదుటి మీద పెట్టి వెనక్కి తీయబోయింది.

ఆయన చెయ్యి ఎప్పుడు లేచిందో ఆయనకే తెలియదు. అది పాప మణికట్టుని పట్టేసుకుంది. గట్టిగా.

పాప బొమ్మని చూడలేదు. తన మణికట్టు మీదున్న ఆ వేళ్ళని చూసింది. చాలాసేపు చూసింది. నవ్వు ముఖం మీదే ఉండిపోయి, మెల్లగా చచ్చిపోయింది.

"వదులు నాన్నా" అంది.

ఆయన వదిలాడు. ఆమె నుదుటి దగ్గర మొదలుపెట్టి, తల్లికుండే చోటే, నడుమ, తిన్నగా పాపిడి తీసింది. వేలు నడినెత్తికి వచ్చేసరికి కుట్టు తగిలింది. జుట్టు రెండు వైపులా తప్పించి చూసింది. ఈ చెవి నుంచి ఆ చెవిదాకా, వెంట్రుకంత సన్నటి కుట్టు. రుమాలు చూసింది, మెడదాకా కప్పి ఉన్నది. టోపీ పాడైందన్న మాట ఆమె నోట్లోంచి రాలేదు.

"నువ్వు స్టోరులో చెయ్యలేదు కదూ."

"లేదు పాపా."

"అమ్మకి చేసింది నువ్వేనా?"

నీళ్ళు నమలడం ఆ మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ పూట మాత్రం నమల్లేదు. "నేనే."

"ఇలాగే ఉందా?"

"ఇంకా నీటుగా."

పాప కుర్చీలో కూలబడింది. ఆయన నిలబడే చెప్పాడు. వెనక వైపు గది, గోనెసంచి అనే మనిషి, ఇంటికి పొమ్మన్న డాక్టరు. "వేరే చెయ్యి పడకూడదనుకున్నా పాపా. మీ అమ్మ తల మీద ఇంకొకడి చెయ్యి పడకూడదని. అంతే." చెప్పి ఆగాడు. ఇన్నేళ్ళూ లోపల దాచుకుని, బరువైనప్పుడల్లా తీసి చూసుకుని, నేను చేసింది మంచి పనే అని సర్దిచెప్పుకున్న మాట అదొక్కటే ఆయనకి. పాప అసహ్యించుకుంటుందేమోనని భయపడ్డాడు. ఎక్కడో మూల, మంచి పని చేశావు నాన్నా అంటుందేమోనని ఆశ కూడా పడ్డాడు.

"మరి నా జడలు?" అంది పాప.

"నీ తల మీద చెయ్యి పెడితే నా వేళ్ళు చెవి వెనక్కి పోయేవి పాపా. వాటంతట అవే. భయమేసింది."

పాప కట్టు కట్టిన చెయ్యి ఎత్తి తన కుడి చెవి వెనక తడుముకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకి. క్రాపు తలతో మంగలి కుర్చీలో కూర్చున్నప్పటి ఏడుపు, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. చెయ్యి ఆమె తల దాకా వెళ్ళి, గాల్లోనే ఆగి, వెనక్కి వచ్చింది. ఆమె చూసింది అది.

ఏడుపు తగ్గాక ముఖం తుడుచుకుంది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"అతన్నే చేయనివ్వాల్సింది నాన్నా. గోనెసంచిలా కుట్టినా సరే. అమ్మ ఎలాగూ పోయింది. నాకు జడ వేయడానికి నువ్వైనా మిగిలేవాడివి."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ మాట ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్కసారి కూడా తట్టలేదు.